దృశ్యచిత్రంలో భావం, ప్రతీక: విద్యార్థికి ఎలా చెప్పాలి?

సాహిత్య విద్యార్థుల ముందు ఒక ప్రకృతి దృశ్య చిత్రం పెట్టి, "ఇందులో ఏ భావం ఉంది?" అని అడిగితే సాధారణంగా రెండు రకాల సమాధానాలు వస్తాయి. మొదటిది: "చాలా ప్రశాంతంగా ఉంది." రెండోది, మన పత్రికలు కాస్త చదివిన విద్యార్థి చెప్పేది: "ఉదయిస్తున్న సూర్యుడు రాబోయే నూతన సమాజానికి ప్రతీక." ఈ రెండూ పరస్పర విరుద్ధమైన దృక్పథాల నుంచి వచ్చినట్టు పైకి కనిపిస్తాయి. నిజానికి రెండింటిలోనూ ఉన్న లోపం ఒకటే. ఇద్దరూ చిత్రాన్ని చూడలేదు. ఒకరు భావకవిత్వం నుంచి, ఇంకొకరు అభ్యుదయ కవిత్వం నుంచి, ముందే సిద్ధంగా ఉన్న ముద్రను తెచ్చి చిత్రం మీద వేశారు.

ఇది చిత్రకళ వరకే పరిమితమైన సమస్య కాదు. కథలో అడవిని వర్ణించేటప్పుడు, కవితలో నదిని ప్రతీకగా నిలబెట్టేటప్పుడు మన రచయితలు చేస్తున్న పొరపాటు కూడా ఇదే. అందుకే దృశ్యచిత్రాన్ని చదవడం నేర్పడం సాహిత్య బోధనలో భాగం కావాలి. ఈ వ్యాసంలో ఆ పద్ధతిని ఖమ్మం, భద్రాచలం అడవి అంచు ప్రాంతాన్ని ఆధారం చేసుకుని వివరిస్తాను. దీనికి కారణం ఉంది. ఆ ప్రాంతపు విద్యార్థికి కొండ, నది, చెట్టు, పొగ అనేవి పుస్తకంలో చదివిన మాటలు కావు. అవి అతని ఇంటి బతుకుతెరువులో భాగం. ఆ జ్ఞానాన్ని మన పాఠ్యక్రమం ఎన్నడూ అడగలేదు. చిత్రం చదవడానికి మాత్రం అన్నిటికంటే ముందు కావలసింది అదే.

1. భావం చిత్రంలో ఎక్కడ ఉంటుంది?

మన ఆలంకారికులు రసనిష్పత్తిని వివరిస్తూ విభావాన్ని రెండుగా విభజించారు. నాయికానాయకులు ఆలంబన విభావం. వెన్నెల, ఉద్యానం, మలయమారుతం వంటివి ఉద్దీపన విభావం. అష్టాదశ వర్ణనల్లో నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు అన్నీ ఉన్నా, వాటి పని ప్రధానంగా పాత్రల భావాన్ని రగిలించడమే. ప్రకృతికి అక్కడ స్వతంత్ర ప్రతిపత్తి తక్కువ.

ప్రకృతి దృశ్య చిత్రానికి వచ్చేసరికి పరిస్థితి తలకిందులవుతుంది. ఉద్దీపనం అంతా కళ్లముందు ఉంటుంది, ఆలంబనం కనిపించదు. విరహిణి లేదు, వెన్నెల ఉంది. మరి ఆ వెన్నెల ఎవరి భావాన్ని ఉద్దీపింపజేస్తున్నది? సాహిత్య విద్యార్థికి ఈ ప్రశ్న సులభంగా అందుతుంది. జవాబు ఇది: చిత్రం బయట ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆ మనిషి నిలబడవలసిన చోటును చిత్రకారుడే నిర్ణయించాడు. మనం చిత్రం ముందుకు వెళ్లగానే ఆ చోట నిలబడతాం. భావం పుట్టేది అక్కడే. అందువల్ల భావం మేఘంలోనో చెట్టులోనో లేదు, వాటిని అమర్చిన తీరులో ఉంది.

అమరికలో ముందుగా చూపవలసింది దిగంత రేఖ. అది కాగితం మీద పైకి ఉంటే నేల ఎక్కువగా పరుచుకుంటుంది, చూసేవాడికి నేల బరువు తెలుస్తుంది. కిందికి ఉంటే ఆకాశం పెరిగి మనిషి చిన్నవాడవుతాడు. తరువాత వెలుగు ఏ వైపు నుంచి వస్తున్నది, దారి ఉంటే అది మనవైపు వస్తున్నదా మననుంచి పోతున్నదా, ఖాళీ జాగా ఎంత, మనుషులు ఉంటే ఏ కొలతలో ఉన్నారు అన్నవి.

ఐజాక్ లెవిటాన్ అనే రష్యన్ చిత్రకారుడు 1892లో గీసిన 'వ్లదీమిర్కా' దీనికి మంచి ఉదాహరణ. చిత్రంలో ఉన్నవి చాలా తక్కువ. ఒక వెడల్పాటి మట్టిబాట, దాని పక్కన జనం నడిచి నడిచి పడిన కాలిబాటలు, మబ్బు పట్టిన ఆకాశం, బాట పక్క చిన్న ప్రార్థనా స్తంభం, దాని దగ్గర ఒంటరిగా ఒక చిన్న మనిషి ఆకారం. బాట మన కాళ్లదగ్గర మొదలై దిగంతం దాకా పోతుంది. చరిత్ర ఏమీ తెలియని విద్యార్థి కూడా "ఈ బాట ఎంతకీ తెమలదు" అనగలడు. అది చిత్రం స్వయంగా ఇచ్చిన భావం. తరువాత ఉపాధ్యాయుడు ఒక విషయం చెప్పాలి. జారు ప్రభుత్వం ఖైదీలను సంకెళ్లు వేసి సైబీరియా ప్రవాసానికి నడిపించిన బాట అది. అప్పుడు ఆ కాలిబాటలు ఎవరి పాదాలవో తెలుస్తుంది. ఖైదీ ఒక్కడూ చిత్రంలో లేడు. అయినా చిత్రం అంతా వాళ్లదే.

క్రమం ఇక్కడ ముఖ్యం. ముందు కన్ను, తరువాత చరిత్ర. చరిత్రను ముందే చెప్పేస్తే విద్యార్థి దానికి తగిన దుఃఖాన్ని అరువు తెచ్చుకుని అప్పజెప్తాడు. అసలు చెప్పకపోతే "ప్రశాంతమైన పల్లెబాట" దగ్గరే ఆగిపోతాడు.

దిగంతం అసలే లేని చిత్రాలూ ఉన్నాయి. ఖమ్మం జిల్లా మధిరలో 1940లో పుట్టిన సూర్యప్రకాశ్ తొలి దశలో తుప్పు పట్టిన మోటారు వాహనాల గుట్టలను చిత్రించారు. తరువాతి కాలంలో నీటి ఉపరితలం, ఆకులు, ప్రతిబింబాలు ఆయన ప్రధాన వస్తువులయ్యాయి. 2019లో మరణించేదాకా ఆయన ప్రకృతి చిత్రకారుడిగానే ప్రసిద్ధులు. చిత్రమంతా నీరే పరుచుకున్నప్పుడు, చెట్టు కనిపించక దాని నీడ మాత్రమే కనిపించినప్పుడు, చూసేవాడికి నిలబడే చోటు దొరకదు. పైది ఏదో కిందది ఏదో తేల్చుకోవలసి వస్తుంది. ఆ తడబాటే అక్కడ భావం. యంత్రాల తుక్కు నుంచి నీటి నీడల దాకా సాగిన ఆ ప్రయాణాన్ని వరుసలో పెట్టి చూపిస్తే, ఒకే చిత్రకారుడిలో వస్తువు మారినప్పుడు రూపం ఎందుకు మారవలసి వచ్చిందో విద్యార్థులు చర్చించగలరు.

2. ప్రతీకలకు నిఘంటువు లేదు

విద్యార్థులు ఎక్కువగా కోరేది ఒక పట్టిక. ఎరుపు అంటే విప్లవం, నలుపు అంటే చావు, నది అంటే కాలం. గైడు పుస్తకాలు ఇచ్చేది అదే. ఈ పట్టిక ఎందుకు పనికిరాదో ఒక్క పక్షితో చూపించవచ్చు.

1871లో సవ్రాసొవ్ అనే రష్యన్ చిత్రకారుడు కరుగుతున్న మంచు మధ్య బక్కచిక్కిన బర్చ్ చెట్లపై గూళ్లు కట్టుకుంటున్న నల్లని పక్షులను చిత్రించాడు. అవి కాకి జాతివే. రష్యన్ పల్లెలో అవి తిరిగి రావడమంటే వసంతం రావడం. 1890 జూలైలో వాన్ గో గోధుమ చేనుపై ఎగిరే కాకులను గీశాడు. అక్కడ నల్లబడిన ఆకాశం, ఎటూ తేలని మూడు బాటలు, ఆ మధ్యన కాకులు కలిసి మనసుపై బరువు మోపుతాయి. అదే అతని చివరి చిత్రం అనే కథ వ్యాపించి, కాకి అంటే ఆత్మహత్య అన్నంత దూరం పోయింది. అది చివరి చిత్రం కాదని, చెట్టు వేళ్లను చిత్రించినదే చివరిది కావచ్చని తరువాతి పరిశోధకులు చెప్పారు. కథ సడలినా చేనుపైన ఆ బరువు సడలలేదు, ఎందుకంటే అది చిత్రం నిర్మాణంలో ఉంది. ఇక మన ఇంటికి వస్తే, గోడమీద కాకి అరిస్తే చుట్టాలొస్తారు. అదే కాకి పిండం ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిపోయిందంటారు. ఒకే పక్షికి ఇన్ని అర్థాలు ఉన్నప్పుడు, ఏది తీసుకోవాలో చెప్పేది చిత్రం ఒక్కటే.

దీనికి తరగతిలో సులభమైన పరీక్ష ఉంది. ప్రతీక అనుకున్న వస్తువును చేత్తో మూసి చిత్రాన్ని మళ్లీ చూడమనాలి. చిత్రం భావం మారిపోతే ఆ వస్తువు అక్కడ పనిచేస్తున్నట్టు. ఏమీ మారకపోతే అది అలంకారం మాత్రమే. మన పత్రికల ముఖచిత్రాల్లో కొండల మధ్య ఉదయించిన సూర్యులెందరో ఈ పరీక్షకు నిలబడరు. ఇది చెప్పుకోవడానికి మనం మొహమాటపడనక్కరలేదు. కొండ ఏ కొండో, ఆ వెలుగు ఏ నేలమీద పడుతున్నదో తెలియకుండా పెట్టిన సూర్యుడు, ప్రబంధ కవి పెట్టిన చంద్రుడి లాంటివాడే.

3. అడవి అంచు విద్యార్థికి తెలిసినవి

ప్రతీక నిఘంటువులోంచి రాకపోతే ఎక్కడి నుంచి వస్తుంది? ఆ నేలమీద జరిగే శ్రమ నుంచి, ఆ నేల అనుభవించిన చరిత్ర నుంచి వస్తుంది.

నదినే తీసుకుందాం. గోదావరిని నిండుగా, ఒడ్డులొరసి ప్రవహిస్తున్నట్టు చిత్రిస్తే మైదానం విద్యార్థి "సమృద్ధి" అంటాడు. భద్రాచలం విద్యార్థి ముందు నీటి రంగు చూస్తాడు. ఎర్రమట్టి కలిసిన నీరైతే ఎగువన వానలు పడుతున్నట్టు. అతనికి నది అడుగుల్లో తెలుసు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులు దాటింది. ఈ లెక్కలు ఇంట్లో విన్నవాడికి, మెట్ల మీది నీటి గీత ఎక్కడుందన్నదే చిత్రంలో మొదటి ప్రశ్న. అతని చదువు తప్పు కాదు, మైదానం విద్యార్థి చదువూ తప్పు కాదు. నీటి రంగు, ఒడ్డున పడవలు కట్టి ఉన్నాయా విప్పి ఉన్నాయా, ఆకాశం ఎలా ఉంది అన్న ఆధారాలను బట్టి ఈ చిత్రానికి ఏది సరిపోతుందో ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి.

కాలం సంగతి కూడా అంతే. ఆకులు రాలిన కొమ్మలపై మోదుగ పూలు ఎర్రగా విరగబూస్తే అది ఫాల్గుణం. దాన్ని చూడగానే "అడవి మండుతోంది, ఇది తిరుగుబాటు" అనేయడం తేలిక. అదే రోజుల్లో ఇప్పపూలు రాలడం మొదలవుతుంది. తెల్లవారకముందే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో చెట్ల కిందికి చేరతారు. ఆ తరువాత ఎండలు ముదిరేసరికి తునికాకు. కోసిన ఆకును కట్టలు కట్టి కల్లంలో వరుసగా ఆరబెట్టడం, లెక్క చూసుకోవడం, కట్టకు ఎంత ధర అన్న పేచీ. చిత్రంలో ఎండలో ఆరుతున్న చిన్న చిన్న కట్టల వరుసలు ఉంటే బయటివాడికి అది ఒక అందమైన నమూనా. తెలిసినవాడికి అది ఇంటిల్లిపాది పని, ఆ ఏడాది చేతికందే నగదు. రెండోది తెలిసినంత మాత్రాన మొదటిది చెరిగిపోదు. వరుసల అందం అలాగే ఉంటుంది. దానికి ఇప్పుడు బరువు వస్తుంది.

పొగను ఉదాహరణగా తీసుకుంటే విషయం మరింత స్పష్టపడుతుంది. దూరపు కొండమీద తెల్లని పొగ గీశారనుకోండి. అది మంచు కావచ్చు. ఇప్పచెట్టు కింద ఆకులు తగలబెట్టిన పొగ కావచ్చు. వానలకు ముందు పోడు కాల్చిన పొగ కావచ్చు. పాల్వంచలో 1966లో మొదలైన థర్మల్ కేంద్రం పొగ కావచ్చు. ఏదని ఎలా తేల్చాలి? వాలులో నల్లబడిన చెక్క ఉందా, చెట్లు ఆకులతో ఉన్నాయా, పొగ ఒకచోటు నుంచి లేస్తున్నదా లోయంతా పరుచుకున్నదా చూడాలి. పోడు పొగ అని తేలిన తరువాత చరిత్ర తలుపు తెరుచుకుంటుంది. 1874లో మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చిన భద్రాచలం, రేకపల్లి ప్రాంతాల్లో పోడుపై పన్నులు, ఆంక్షలు పెరిగాయి. 1879లో రంప తిరుగుబాటు రేకపల్లికి పాకడానికి కారణాల్లో అదొకటి. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా పోడు భూమి తగాదా తెగలేదు. అప్పుడు ఆ పొగ ప్రతీక అవుతుంది. మనం అంటగట్టినందువల్ల కాదు, అది ముందు నిజమైన పొగ కావడం వల్ల.

4. చిత్రంలో లేనివాళ్లు

దృశ్యచిత్రంలో అన్నిటికంటే కష్టమైన పాఠం లేనిదాన్ని చూడడం. గెయిన్స్‌బరో 1750 ప్రాంతంలో గీసిన 'ఆండ్రూస్ దంపతులు' చిత్రంలో భార్యాభర్తలు ఒక పక్క ఓక్ చెట్టు కింద ఉంటారు. భర్త చేతిలో తుపాకి. మరో పక్క కోసిన గోధుమ పనలు నీటుగా నిలబెట్టి ఉంటాయి. కోసినవాళ్లు లేరు. జాన్ బర్జర్ 1972లో 'వేస్ ఆఫ్ సీయింగ్'లో ఈ చిత్రాన్ని ఆస్తి దృష్టితో చదివి పెద్ద వివాదం లేపాడు. ఆ భూమి అందం నిజమే, కాని ఆ అందాన్ని చూస్తున్న కళ్లు యజమానివి అన్నది అతని వాదన సారాంశం.

ఈ ప్రశ్నను మన నదిమీదికి తెద్దాం. తెలుగునాట నీటిరంగుల దృశ్యచిత్రణకు రాజమండ్రి ఒక కేంద్రం. అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో ఎదిగిన దామెర్ల రామారావు బొంబాయిలో చదివి వచ్చి, గోదావరి పరిసరాలను చిత్రించి, 1925లో 28 ఏళ్లు నిండకుండానే మరణించారు. పద్ధతి ఇంగ్లీషు కళాశాల ద్వారా వచ్చినా, చూసిన కన్ను ఆ ఒడ్డున పుట్టినవాడిది. ఈ రెండింటి మధ్య ఘర్షణ మన దృశ్యచిత్రానికి పుట్టుకతో వచ్చింది.

పాపికొండల చిత్రాలు ఇప్పుడు క్యాలెండర్ల మీద, హోటల్ గోడల మీద విరివిగా కనిపిస్తాయి. దాదాపు అన్నీ ఒకే చోటు నుంచి చూసినవి: నది మధ్యనుంచి, లాంచీ మీదినుంచి. రెండు పక్కలా కొండలు, మధ్యన నిశ్చలమైన నీరు. ఒడ్డున ఊరు ఉన్నా అది రంగుచుక్క. ఒడ్డుమీది ఊరి నుంచి లాంచీవైపు చూస్తూ గీసిన చిత్రం ఎంత అరుదో గమనించమనాలి. పోలవరం ప్రాజెక్టు కోసం 2014లో భద్రాచలం డివిజన్ నుంచి కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు వంటి మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. శబరి గోదావరిలో కలిసే కూనవరం ముంపు జాబితాలో ఉన్న ఊరు. ఆ ఊరి విద్యార్థికి క్యాలెండరులోని నిశ్చలమైన నీరు శాంతరసం కాకపోవచ్చు. అలాగని "ఎవరి భావం వారిది" అని వదిలేయడం బోధన కాదు. చిత్రకారుడు నది మధ్యన నిలబడ్డాడు. ఆ ఎంపిక వల్ల ఒడ్డు దూరమయింది, మనిషి చుక్క అయ్యాడు, నీరే ప్రధానమయింది. ఇది చిత్రంలో కొలిచి చూపించగల విషయం.

ఇదే అడవిలో చూపుకు ఇంకో సంప్రదాయం ఉంది. కోయల ఇలవేల్పుల కథలను చెప్పే డోలి కోయలు పడిగె అనే త్రికోణపు గుడ్డపై వేల్పుల, జంతువుల, చెట్ల రూపాలు చూపుతూ వంశకథలు పాడతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో మరణించారు. పడిగెలో దిగంత రేఖ లేదు. బయట నిలబడి అడవిని చూసే మనిషి అందులో లేడు. చెట్టు, మృగం, పూర్వీకుడు ఒకే తలంపై ఉంటారు. ఎందుకంటే పాడేవాడు, వినేవాడు ఇద్దరూ ఆ కథ లోపలివాళ్లే. క్యాలెండరు పాపికొండలను, పడిగెను పక్కపక్కన పెట్టి చూపిస్తే, "దృశ్యం" అన్న మాటలోనే ఒక దూరం ఉందని విద్యార్థికి వేరే చెప్పనక్కరలేదు.

5. కవితలోని నది, కాగితం మీది నది

సాహిత్య విద్యార్థికి ప్రతీక విషయంలో దగ్గరి ఉదాహరణ కిన్నెరసాని. గుండాల అడవుల మీదుగా, పాల్వంచ ప్రాంతం దాటి గోదావరిలో కలిసే ఈ వాగును విశ్వనాథ సత్యనారాయణ అత్త పోరు పడలేక అడవిలోకి వెళ్లి నీరై పారిన కోడలిగా చేశారు. భర్త కొండరాయి అయ్యాడు. ఆ కావ్యం భావజాలంతో మనకు ఎన్ని విభేదాలున్నా, ప్రతీక పనిచేసిన తీరును గమనించాలి. వాగు వంపులు, రాళ్ల మధ్య చీలడం, చివరికి పెద్దనదిలో ఆశ్రయం పొందడం అన్నీ ఆ వాగు నిజంగా చేసే పనులే. కథ వాటిమీద కుదురుకుంది. భౌగోళిక సత్యం లేకపోతే ఆ ప్రతీక నిలిచేది కాదు.

ఇప్పుడు ఆ వాగును చిత్రించమంటే విద్యార్థి ఏం గీస్తాడు? కావ్యంలోని కోడలిని గీస్తాడా? వాగుపై కట్టిన ఆనకట్టను గీస్తాడా? ఆ జలాశయం నీరు థర్మల్ కేంద్రానికి పోయింది. అక్కడి పాత కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చేశారు. దశాబ్దాలపాటు ఆ ప్రాంతపు దిగంతంలో ఉన్న ఆకారాలు ఒక్కరోజులో పోయాయి. అంతకుముందు గీసిన చిత్రంలో అవి పరిశ్రమకు గుర్తు. ఇప్పుడు గీస్తే జ్ఞాపకం. ప్రతీక అర్థం చరిత్రతో పాటు కదులుతుందనడానికి ఇంతకంటే దగ్గరి నిదర్శనం అక్కరలేదు.

6. బోధనా క్రమం

పైన చెప్పినదాన్ని తరగతిలో ఈ వరుసలో వాడవచ్చు.

మొదట, విశేషణాలు లేకుండా చిత్రంలో ఉన్నవాటి జాబితా రాయించాలి. "అందమైన", "ప్రశాంతమైన" అన్న మాటలు నిషేధం. రెండు, చిత్రకారుడు ఎక్కడ నిలబడ్డాడో నేలమీద చాక్‌పీసుతో గీసి చూపమనాలి. మూడు, వెలుగు ఏ పూటది, కాలం ఏ కార్తెది, దానికి ఆధారం ఏమిటి అని అడగాలి. నాలుగు, మనుషులు ఏం చేస్తున్నారు, లేకపోతే ఎవరు ఉండవలసింది అని అడగాలి. అయిదు, అప్పుడు మాత్రమే భావాన్ని ఒక్క వాక్యంలో రాయించి, ప్రతి మాటకూ చిత్రంలో ఆధారం చూపమనాలి. ఆరు, ప్రతీక అనుకున్నదానికి చేత్తో మూసే పరీక్ష పెట్టాలి. చివరగా, ఆ చోటు చరిత్ర చెప్పి, రాసిన వాక్యాన్ని మార్చవలసి ఉంటే మార్చమనాలి. మార్చిన వాక్యాన్ని, మొదటి వాక్యాన్ని పక్కపక్కన ఉంచాలి. చరిత్ర తెలియడం వల్ల చూపులో వచ్చిన తేడా ఎంతో విద్యార్థికి అక్కడ తెలుస్తుంది.

ఈ క్రమంపై ఒక అభ్యంతరం వస్తుంది. ఇంత విచారణ చేస్తే చిత్రాన్ని ఆనందించడం పోతుంది కదా అని. పోదు. 'వ్లదీమిర్కా' ముందు నిలబడినవాడికి ఆ మబ్బుపట్టిన వెలుగు అందం తగ్గలేదు. ఆ అందం ఎవరి పాదాల కింద పరుచుకుని ఉందో అదనంగా తెలిసింది. తగ్గేది ఒక్కటే, ఏ చిత్రానికైనా సరిపోయే మాటలు వాడే సోమరితనం.

రచయితలకు దీనివల్ల కలిగే ప్రయోజనం నేరుగా ఉంది. మన కథల్లో అడవి ఇంకా చాలావరకు "పచ్చని తల్లి ఒడి"గానో, "ఎర్రజెండా ఎగిరే చోటు"గానో మిగిలిపోయింది. రెండూ బయటినుంచి చూసిన అడవులే. ముంపు ఊళ్లు కొన్ని ఇక నేలమీద ఉండవు. వాటిని రేపటివాళ్లు చూడవలసింది మన చిత్రాల్లో, మన వర్ణనల్లోనే. అందువల్ల కొండను రాసేముందు అది ఏ కొండో, దానిమీది పొగ ఏ పొగో, మనం ఏ ఒడ్డున నిలబడి చూస్తున్నామో తేల్చుకుని రాయడం మన మీద ఉన్న బాధ్యత.